ఆ బాణం గుర్తు ఊరికే రాలేదు

ఇంటర్ పుస్తకంలో కణం బొమ్మ గుర్తుందా? మధ్యలో కేంద్రకం, దాన్ని అంటిపెట్టుకుని ముడతలు ముడతలుగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, కాస్త అవతల దోశల దొంతరలాగా గాల్జీ, అంచున కణత్వచం. కోచింగ్ మెటీరియల్‌లో అయితే వాటి మధ్య బాణాలు కూడా గీసి ఉంటాయి. రెటిక్యులమ్ నుంచి గాల్జీకి ఒకటి, గాల్జీ నుంచి బయటికి ఇంకొకటి. బట్టీ పడితే నీట్‌లో నాలుగు మార్కులు. కణంలో సరుకు అటే ఎందుకు పోతుంది, ఏ భాగం తీసేస్తే ఆగిపోతుంది, ఆ సంగతి ఎలా తెలిసింది అని అడిగిన ప్రశ్న మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సంగతి తెలియడానికి ముఖ్య కారకుల్లో రాండీ షెక్‌మన్ ఒకరు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం. 2013లో జేమ్స్ రోత్‌మన్, థామస్ స్యూడాఫ్‌లతో కలిసి వైద్యంలో నోబెల్ పంచుకున్నారు. ఆయన గురించి చెప్పేటప్పుడు వరస ఎప్పుడూ ఒకటే: చిన్నప్పటి మైక్రోస్కోపు, తిరస్కారమైన మొదటి గ్రాంటు, పట్టుదల, స్టాక్‌హోమ్. నన్నడిగితే పరిశోధన నేర్చుకునేవాళ్లకు అందులో పనికొచ్చేది తక్కువ. పట్టుదల ఉండి కూడా ఏమీ తేలక రిటైరైనవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంటులోనూ ఉంటారు. షెక్‌మన్ ల్యాబ్‌లో చూడాల్సింది వేరు. కంటికి కనపడని రవాణాను మునిగేదిగానో, బతికేదిగానో, గొట్టంలో కొలవగలిగేదిగానో మార్చుకోవడం. ఆ కెరీర్ మొత్తం పరీక్షను కనిపెట్టిన కెరీర్ అని నా వాదన.

ముందు ఒక అప్పు ఒప్పుకోవాలి. బాణం ఎటు చూపాలో తేల్చింది షెక్‌మన్ కాదు, జార్జ్ పలాడే. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్‌లో గినీ పందుల క్లోమం ముక్కలు తీసుకుని, వాటికి రేడియోధార్మిక అమైనో ఆమ్లాన్ని 3 నిమిషాలపాటు మాత్రమే ఇచ్చి, తర్వాత మామూలు అమైనో ఆమ్లంతో కడిగేసి, వేర్వేరు సమయాల్లో కణాలను చంపి, రేడియోధార్మికత ఎక్కడుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. మొదట రెటిక్యులమ్‌లో, తర్వాత గాల్జీలో, ఆ తర్వాత బయటికి పోవడానికి సిద్ధంగా ఉన్న గుళికల్లో. దీనికే 1974 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. అయితే చూడటంతో తెలిసేది అంతవరకే. రోడ్డు పక్కన నిలబడి బస్సు ఎటు పోతోందో చెప్పొచ్చు గానీ ఇంజనులో ఏ భాగం లేకపోతే ఆగిపోతుందో చెప్పలేం. దానికి భాగాలను ఒక్కొక్కటిగా పాడుచేసి చూడాలి. గినీ పంది మీద ఆ పని కుదరదు.

ఈస్టు మీద కుదురుతుంది. బేకరీలో రొట్టెను పొంగించేది, కల్లు కుండలో దొరికేది, అదే శాకరోమైసిస్ సెరివిసియే. మంచి మీడియంలో 30 డిగ్రీల దగ్గర గంటన్నరకు రెట్టింపవుతుంది. ఒక సెట్టు క్రోమోజోములతోనూ బతుకుతుంది, రెండు సెట్లతోనూ బతుకుతుంది. కాబట్టి ఒక జన్యువు పాడైతే దాన్ని కప్పిపుచ్చే రెండో నకలు ఉండదు. కావాలంటే ఇద్దరిని జతకట్టించి రెండో నకలు ఇవ్వొచ్చు కూడా. పంచదారను విరగ్గొట్టే ఇన్వర్టేజ్, ఫాస్ఫేటును వదిలించే యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే రెండు ఎంజైములను త్వచం దాటించి గోడలోకి పంపుతుంది. రెండిటినీ రంగు పరీక్షతో కొలవొచ్చు.

1976లో షెక్‌మన్ బర్క్‌లీలో చేరేటప్పటికి ఈ ఎంపిక అంత సురక్షితంగా ఏమీ కనపడలేదు. ఆయన పీహెచ్‌డీ స్టాన్‌ఫోర్డ్‌లో ఆర్థర్ కార్న్‌బర్గ్ దగ్గర, డీఎన్ఏ ప్రతికృతి మీద. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి శిక్షణ, శాన్ డియాగోలో త్వచాల నిపుణుడు సింగర్ దగ్గర. ఈస్టుతో పనిచేసిన అనుభవం లేదు. పైగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఈస్టులో గాల్జీ దొంతరలు సరిగ్గా కనపడవు, వెసికిళ్లనే ఆ చిన్న పొర సంచులూ నాలుగైదుకు మించవు. సరుకు ఎక్కడా ఆగకుండా గబగబా పోతుండటమే కారణమని ఇప్పుడు తెలుసు. అప్పట్లో మాత్రం, ఈస్టుకు జంతుకణంలాంటి రవాణా దారి ఉందా అన్నది న్యాయమైన అనుమానమే. గ్రాంటు తిరస్కరించినవాళ్లను వెక్కిరించడం తేలిక గానీ ఆ కుర్చీలో కూర్చుంటే మనలో చాలామంది అదే రాసేవాళ్లం.

ఇక్కడ మొదటి చిక్కు. ఈస్టు కణం పెరగాలంటే మొగ్గ వైపు త్వచం పెరగాలి, త్వచం పెరగాలంటే వెసికిళ్లు వచ్చి కలవాలి. అంటే రవాణా జన్యువు పూర్తిగా పాడైతే కణం చచ్చిపోతుంది. చచ్చినదాన్ని పెంచి పరీక్షించలేం. అందుకని ఉష్ణోగ్రతను స్విచ్‌గా వాడారు. జన్యువులో చిన్న మార్పుతో ఒక్క అమైనో ఆమ్లం మారిన ప్రొటీన్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గానే మడతపడి పనిచేస్తుంది. 37 దగ్గర, ఆ ఒక్క అమైనో ఆమ్లం మారిన పాపానికి, సడలిపోతుంది. కణాన్ని 25లో పెంచుకోవచ్చు, కావలసినప్పుడు 37కి మార్చి రవాణాను ఆపొచ్చు. ఇలాంటి మ్యూటెంట్లను, అంటే జన్యువు మారిన కణాలను, పుట్టించడానికి ఈఎంఎస్ అనే రసాయనం వాడతారు. డీఎన్ఏను మార్చేది మన డీఎన్ఏనూ మారుస్తుంది కనుక పని అయ్యాక సోడియం థయోసల్ఫేట్ పోసి దాన్ని విరిచేయాలి, గ్లవుజులతో సహా.

మొదట విద్యార్థి పీటర్ నోవిక్ వేడికి తట్టుకోలేని ఈస్టు రకాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పోయాడు. అలా దొరికిన సెక్-1 అనే మ్యూటెంట్ మీద 1979లో పేపరు వచ్చింది. 37 డిగ్రీల దగ్గర ఈ కణంలో లోపల ఇరుక్కుపోయిన ఎంజైము 8 రెట్ల దాకా పెరిగింది. కణవిభజన ఆగిపోయింది, ప్రొటీన్ల తయారీ మాత్రం గంటలపాటు సాగింది. మైక్రోస్కోపులో చూస్తే కణం నిండా వెసికిళ్లు, వాటి కడుపులో యాసిడ్ ఫాస్ఫటేజ్. తిరిగి 25కి దింపితే, కొత్త ప్రొటీన్ తయారీని మందుతో ఆపేసినా సరే, ఇరుక్కున్న ఎంజైము బయటికి వచ్చేసింది. ఆ చివరి సంగతి చాలా ముఖ్యం. చచ్చిపోతున్న కణంలో ఏవో సంచులు కనపడటం వేరు, దారిలో ఆగిన సరుకు దారి తెరవగానే కదలడం వేరు. ఈ ఒక్క ప్రయోగం లేకపోతే మిగతాదంతా కొట్టిపారేయొచ్చు.

అయితే ఒక్కో రకాన్నీ చేత్తో పరీక్షించుకుంటూ పోతే ఎన్నేళ్లు పడుతుంది? ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇక్కడే.

వరి విత్తనాలు కట్టే రైతు ఏంచేస్తాడు? ఉప్పునీళ్లలో గింజలు పోస్తాడు. తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. ఒక్కో గింజనూ నొక్కి చూసే పని లేదు. సెక్-1 కణం లోపల ప్రొటీన్ తయారవుతూనే ఉంది, కానీ పైత్వచం పెరగడం లేదు. అంటే అదే సంచిలో ఇంకా ఇంకా సరుకు కుక్కుతున్నట్టు. బరువు పెరుగుతుంది, పరిమాణం పెరగదు, సాంద్రత పెరుగుతుంది. త్వచం తయారీకి కావలసిన ఇనాసిటాల్ అందక, త్వచం పెరగని ఈస్టు కణాలు ఇలాగే బరువెక్కుతాయని సూసన్ హెన్రీ అప్పటికే గమనించారు. దాన్ని షెక్‌మన్ ల్యాబ్ పట్టుకుంది. మ్యూటెంట్లను పుట్టించిన కణాలను 37 దగ్గర ఉంచి, లుడాక్స్ అనే సన్నటి సిలికా ద్రావణం సాంద్రతా పొరల మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. మామూలు కణాలు పైన నిలిచాయి, బరువెక్కినవి కిందికి దిగాయి. అడుగున ఉన్న కొంచెం మాత్రం తీసుకుని 25 దగ్గర పెంచి, అందులో 37కి చచ్చేవాటిని మాత్రం ఎంజైము పరీక్షకు పంపారు.

1980 పేపరు, నోవిక్, ఫీల్డ్, షెక్‌మన్. ఒకే జన్యువు దెబ్బతిన్నవాటిని ఒక గుంపుగా చేర్చాలి కదా, అందుకు రెండేసి మ్యూటెంట్లను జతకట్టించి 37 దగ్గర పెట్టారు. బిడ్డ బతికితే లోపాలు వేర్వేరు జన్యువుల్లో ఉన్నట్టు, ఒకదాని లోటు ఇంకొకటి తీర్చింది. చస్తే ఇద్దరిదీ ఒకే జన్యువు. లెక్క తేలేసరికి 23 గుంపులు. కొన్ని గుంపుల్లో ఒక్కొక్కటే దొరికింది కనుక ఇంకా దొరకనివి ఉండాలని వాళ్లే రాశారు.

ఎంజైము పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయోగం మళ్లీ చేసేవాళ్లు తప్పులు చేసేది ఇక్కడే. ఇన్వర్టేజ్ జన్యువు గ్లూకోజ్ నిండుగా ఉంటే నిద్రపోతుంది. అందుకని 25 డిగ్రీల దగ్గర మంచి గ్లూకోజ్‌లో ఎదుగుతున్న కణాలను కడిగి 0.1 శాతం గ్లూకోజ్ మాత్రమే ఉన్న మీడియంలో వేయాలి, సగం 25లో, సగం 37లో. సరిగ్గా కడగకపోతే పాత గ్లూకోజ్ మిగిలి ఎంజైమే తయారవదు, మ్యూటెంట్ ఏదో గొప్పగా ఆగిందని మనం మురిసిపోతాం. 37కి మార్చేటప్పుడు ఫ్లాస్కును గాలి ఇంక్యుబేటర్‌లో పెట్టొద్దు. అది వేడెక్కేలోపు సరుకు సగం దాటిపోతుంది. నీళ్ల తొట్టెలో ముంచి ఊపుతూ ఉంచాలి.

అరగంటకోసారి కొంచెం తీసి, ఐసులో చల్లార్చిన 10 మిల్లీమోలార్ సోడియం అజైడ్‌లో వేస్తారు. కణానికి శక్తి ఆగిపోతే రవాణా అక్కడికక్కడ నిలిచిపోతుంది. దాన్ని రెండు భాగాలు చేస్తారు. ఒక భాగం అలాగే చెక్కుచెదరని కణాలు: వాటికి పంచదార ఇస్తే బయట ఉన్న ఇన్వర్టేజ్ మాత్రమే దాన్ని విరవగలదు. ఇంకో భాగానికి ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ వేసి గడ్డకట్టించి కరిగిస్తే లోపలిదీ బయటపడుతుంది, అది మొత్తం. మొత్తంలోంచి బయటది తీసేస్తే లోపల ఇరుక్కున్నది. పుట్టిన గ్లూకోజ్‌ను గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్‌లతో రంగుగా మార్చి, ఆమ్లం పోస్తే వచ్చే గులాబీ రంగును 540 నానోమీటర్ల దగ్గర చదువుతారు. అజైడ్ ఎక్కువగా మిగిలితే పెరాక్సిడేజ్ దెబ్బతిని రంగు తగ్గుతుంది.

ఇంకో చిక్కు ఈస్టు పెట్టేది. అదే ఇన్వర్టేజ్ జన్యువు నుంచి రెండు రకాల ఆర్‌ఎన్‌ఏలు వస్తాయి. పొడుగుదాంట్లో బయటికి పోయే చిరునామా ఉంటుంది, పొట్టిదాంట్లో ఉండదు. ఆ పొట్టిది గ్లూకోజ్ ఉన్నా లేకపోయినా తయారై, చక్కెర గొలుసులు తగిలించుకోకుండా కణద్రవంలోనే ఉండిపోతుంది. కాబట్టి ఏ లోపమూ లేని కణంలో కూడా లోపలి లెక్క సున్నా రాదు. సున్నా రాలేదని కంగారుపడి మ్యూటెంట్ అని ముద్ర వేయకూడదు. దీనికి విరుగుడు, యాసిడ్ ఫాస్ఫటేజ్‌నూ కొలవడం. రెండూ ఇరుక్కుంటేనే రవాణా లోపం. ఒకటే ఇరుక్కుంటే ఆ ఎంజైముదే ఏదో సొంత గొడవ. రెండు ఎంజైములనూ పట్టుబట్టి కొలవడం వెనక ఉన్న తెలివి అది.

ఇంతకీ ఈ 23 జన్యువుల్లో ఏది ముందు, ఏది వెనక? మైక్రోస్కోపులో చూస్తే ఒక్కటి తప్ప మిగతా గుంపులన్నిటిలో ఏదో ఒక పొర సామాను పేరుకుంది. కొన్నిటిలో రెటిక్యులమ్ ఉబ్బిపోయింది. కొన్నిటిలో గిన్నెల్లా వంగిన, గాల్జీ నుంచి పుట్టిన వింత ఆకారాలు. వాటికి ఊరి పేరే పెట్టి బర్క్‌లీ బాడీలు అన్నారు. మిగతావాటిలో సెక్-1లాగే వెసికిళ్ల గుట్ట. అసలు ఈస్టులో గాల్జీ ఉందా అన్న అనుమానానికి జవాబు కూడా ఇలాగే వచ్చింది. మామూలుగా కనపడనిది దారి మూస్తే కనపడింది.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లు విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ తిరిగొచ్చే రోజు ఊహించుకోండి. దారిలో ముందు కొర్లపహాడ్ టోల్‌గేటు, తర్వాత పంతంగి టోల్‌గేటు. కొర్లపహాడ్ ఒక్కటే మూస్తే క్యూ అక్కడ. పంతంగి ఒక్కటే మూస్తే క్యూ ఇక్కడ. రెండూ ఒకేసారి మూస్తే? పంతంగి దగ్గర రోడ్డు ఖాళీ, బండ్లన్నీ కొర్లపహాడ్ దగ్గరే. రోడ్డు మ్యాపు లేకపోయినా ఏది ముందో తెలిసిపోతుంది. నోవిక్, సూసన్ ఫెర్రో, షెక్‌మన్ 1981లో చేసింది ఇదే. ఒకే కణంలో రెండు లోపాలు పెట్టి 37కి మార్చారు. రెటిక్యులమ్‌లో ఆపే లోపం, వెసికిల్ దగ్గర ఆపే లోపం కలిసి ఉంటే కణం రెటిక్యులమ్ ఉబ్బినట్టే కనపడింది, వెసికిళ్లు పేరుకోలేదు. పక్కనే చక్కెర లెక్క సాక్ష్యం కూడా ఉంది. రెటిక్యులమ్‌లో ఆగిన ఇన్వర్టేజ్‌కు చిన్న చక్కెర గొలుసులే ఉంటాయి. గాల్జీ దాటినదానికి పొడవాటి మానోజ్ గొలుసులు తగిలి, ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద పైన ఎక్కడో అలుక్కుపోయినట్టు కనపడుతుంది. ఆకారం చెప్పేదీ, జెల్ చెప్పేదీ ఒక్కటే అయింది.

ఈ తర్కానికి ఒక బలహీనత ఉంది. రెండు గేట్లూ ఒకే ఊళ్లో ఉంటే క్యూను చూసి ఏది ముందో చెప్పలేం. సెక్-12, 13, 16, 23 మ్యూటెంట్లూ, సెక్-17, 18, 22 మ్యూటెంట్లూ అన్నీ రెటిక్యులమ్ ఉబ్బినట్టే కనపడ్డాయి. 1981 పద్ధతి వాటి దగ్గర చేతులెత్తేసింది. 1990లో క్రిస్ కైజర్, షెక్‌మన్ మరింత శ్రద్ధగా మైక్రోస్కోపులో లెక్కపెడితే రెండో గుంపులో సుమారు 50 నానోమీటర్ల బుల్లి వెసికిళ్లు పేరుకున్నాయి, మొదటి గుంపులో లేవు. రెండు గుంపుల నుంచి ఒక్కో లోపం తెచ్చి కలిపితే వెసికిళ్లు కనపడలేదు. అంటే మొదటి గుంపుది వెసికిల్‌ను పుట్టించే పని, రెండోదానిది వెళ్లి కలిపే పని. ఇంకో ముచ్చట ఏమిటంటే ఒకే గుంపులోని రెండు లోపాలు కలిస్తే కొన్ని కణాలు 25 డిగ్రీల దగ్గర కూడా బతకలేదు. ఒకే యంత్రంలో రెండు మరలు వదులైనట్టు. ఏ ప్రొటీన్లు భుజం భుజం కలిపి పనిచేస్తాయో, వాటిని శుద్ధి చేయకముందే ఈ చావులు చెప్పేశాయి.

జల్లెడ కన్నాలను బట్టే గింజలు దొరుకుతాయి. సాంద్రత జల్లెడకు దొరకనివి కొన్ని ఉన్నాయి. ఒకే పని చేసే జన్యువులు జంటగా ఉంటే ఒకటి పాడైనా కణానికి తెలియదు. త్వచం దగ్గరి ఎస్ఎస్ఓ-1, ఎస్ఎస్ఓ-2 అలాంటివే. సార్-1 అనే ముఖ్యమైన ప్రొటీన్ కూడా ఈ జల్లెడలో పడలేదు. సెక్-12 లోపాన్ని సార్-1 జన్యువు అదనపు నకళ్లు కప్పిపుచ్చుతున్నాయని జపాన్‌లో నకానో, మురమత్సు 1989లో పట్టుకున్నారు. అసలు మొదటి మెట్టు, అంటే ప్రొటీన్ రెటిక్యులమ్‌లోకి దూరడానికి కావలసిన ద్వారం కూడా దొరకలేదు. అందుకని షెక్‌మన్ విద్యార్థి రేమండ్ దెషే జల్లెడనే మార్చేశాడు.

హిస్టిడీన్ తయారీలో ఆఖరి మెట్టు చేసే ఎంజైము హిస్టిడినాల్‌ను హిస్టిడీన్‌గా మారుస్తుంది. అది కణద్రవంలో ఉంటేనే పని. దెషే ఆ ఎంజైముకు ముందు, రెటిక్యులమ్‌లోకి పొమ్మనే చిరునామా తగిలించాడు. ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని బుద్ధిగా లోపలికి లాగేసుకుంటుంది, అక్కడ అది హిస్టిడినాల్‌కు అందదు, కణం ఆకలితో ఆగిపోతుంది. ద్వారం కాస్త పాడైన కణంలో ఎంజైము బయటే ఉండిపోయి కణం బతుకుతుంది. లోపమున్నదే బతికే పరీక్ష! పూర్తిగా పాడైతే ఎలాగూ చస్తుంది కనుక ఓ మోస్తరు ఉష్ణోగ్రత దగ్గర సగం పాడైనవాటిని ఎంచుకుని, అవి 37కి చస్తాయో లేదో చూడాలి. అలా 1987లో ఆ ద్వారం జన్యువు సెక్-61 వచ్చింది. దాని చుట్టాలు మనిషిలోనూ ఉన్నాయి, బాక్టీరియాలో సెక్‌వై పేరుతోనూ ఉన్నాయి. లక్షల కణాలను ఒక పెట్రీ డిష్‌లో పోసి బతికినవాటిని ఏరుకోవడం ఎక్కడ, ఒక్కొక్కటీ జెల్ మీద నడిపించడం ఎక్కడ.

జన్యువుల పట్టిక ఎంత పొడుగైనా ప్రొటీన్ ఏం చేస్తుందో చెప్పదు. ఇక్కడ కార్న్‌బర్గ్ దగ్గరి శిక్షణ పనికొచ్చింది. మ్యూటెంట్ బాక్టీరియా రసంలో డీఎన్ఏ తయారు కాకపోతే మంచి రసాన్ని భాగాలుగా విడదీసి ఒక్కొక్కటీ కలిపి చూడు, ఏది కలిపితే పని జరుగుతుందో అందులో నీ ప్రొటీన్ ఉంది: ఇది ఆ ఇంటి విద్య. ఈస్టుకు అదే చేశారు. కణగోడను లైటికేజ్ ఎంజైముతో కరిగించి, నెమ్మదిగా గడ్డకట్టించి కరిగిస్తే పైత్వచం చిల్లులు పడి రెటిక్యులమ్ మాత్రం నిలుస్తుంది. హడావిడిగా గడ్డకట్టిస్తే అదీ పోతుంది. అందులోకి రేడియోధార్మిక ఆల్ఫా ఫ్యాక్టర్ (జతకట్టడానికి ఈస్టు బయటికి వదిలే సంకేతం) ముడి ప్రొటీన్ పంపి, ఏటీపీ, కణద్రవం కలిపితే గాల్జీ చేరినదానికి మాత్రమే తగిలే మానోజ్ ముద్రను యాంటీబాడీతో పట్టుకోవచ్చు. 1988లో ఈ పరీక్ష నిలబడింది. సెక్-23 మ్యూటెంట్ రసం వేడి చేస్తే పని ఆగింది, మంచి రసం కలిపితే సాగింది. లిండా హిక్ ఆ సాగించే శక్తినే వెంటాడి సెక్-23ను శుద్ధి చేసింది. మ్యూటెంట్ కణమే కొలబద్ద అయింది.

1994కి చిత్రం పూర్తయింది. చార్లెస్ బార్లో తదితరులు సార్-1, సెక్-23/24, సెక్-13/31 అనే శుద్ధి చేసిన ముక్కలతో గొట్టంలోనే వెసికిళ్లను పుట్టించి ఆ తొడుగుకు కాప్-2 అని పేరు పెట్టారు. సార్-1 జీటీపీ అనే శక్తి అణువును పట్టుకుని త్వచంలో తోక గుచ్చుతుంది, సెక్-23/24 వచ్చి సరుకును పట్టుకుంటుంది, సెక్-13/31 పైన పంజరం కడుతుంది. పనయ్యాక సార్-1 దగ్గరి జీటీపీని విరగ్గొట్టించేది కూడా సెక్-23యే. అంటే కట్టే మేస్త్రీయే కూల్చే ముహూర్తమూ పెడతాడు. 1998లో ఇంకో మెట్టు ఎక్కి, రెటిక్యులమ్ ప్రొటీన్లు ఒక్కటీ లేని కృత్రిమ లిపిడ్ సంచుల మీద కూడా తొడుగు ఏర్పడుతుందని మత్సువోకా చూపించారు.

లిపిడ్ సంచులతో పనిచేసే ఏ ల్యాబ్ అయినా ముందు చేయాల్సిన పని గొట్టంలో ఎంత ఫాస్ఫోలిపిడ్ ఉందో కొలవడం. తరతరాలుగా వాడుతున్న బార్ట్‌లెట్ పద్ధతిలో లిపిడ్‌ను ఆమ్లంతో కాల్చి ఫాస్ఫేటు చేసి, మాలిబ్డేటుతో కలిపి, ఒక రియేజెంటుతో నీలం రంగు తెప్పిస్తారు. ఆ రియేజెంటు పేరు ఫిస్కే-సుబ్బారావు రియేజెంట్. అవును, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే, 1925 నాటి పద్ధతి. గొట్టాలను ఫాస్ఫేటు ఉన్న సబ్బుతో కడిగితే ఖాళీ గొట్టం కూడా నీలంగా మారుతుంది. ఆ ఒక్క తప్పుతో పాడైన లెక్కలకు కొదవుండదు.

ఇంతలో రోత్‌మన్ పూర్తిగా వేరే దారిలో వస్తున్నారు: జన్యువులు లేవు, జంతుకణాల గాల్జీని గొట్టంలో పెట్టి, ఎన్-ఇథైల్ మాలిమైడ్ అనే రసాయనం ఏ ప్రొటీన్‌ను చంపితే రవాణా ఆగుతుందో చూసి దాన్ని శుద్ధి చేశారు. అదే ఎన్ఎస్ఎఫ్. 1989లో దాని అక్షరాల వరస చూస్తే ఈస్టు సెక్-18. కోటానుకోట్ల ఏళ్ల కిందట విడిపోయిన రెండు జీవుల్లో, రెండు వేర్వేరు పరీక్షలు ఒకే ప్రొటీన్‌ను పట్టుకున్నాయి. ఈస్టు సంగతి ఈస్టుకే పరిమితం అన్నవాళ్ల నోరు ఆ రోజుతో మూతపడింది.

వ్యాపార ప్రయోజనాల గురించి రాసేవాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తుంటారు. ఈస్టు రవాణా తెలిసింది కాబట్టి హెపటైటిస్-బి టీకా వచ్చిందని. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వ్యాక్-బి పికియా అనే ఈస్టులోనే తయారైంది, నిజమే. కానీ ఆ యాంటిజెన్ బయటికి రాదు. కణాలను పగలగొట్టి తీయాల్సిందే. ఈస్టు ఇన్సులిన్ వేరు: ఆల్ఫా ఫ్యాక్టర్ తరహా చిరునామాతో ముడి ఇన్సులిన్‌ను మీడియంలోకే వదిలిస్తారు, అక్కడ ఈ దారి ఉపయోగం సూటిగా ఉంది.

రోగాల లెక్క ఇంకాస్త ఆసక్తికరం. ఈస్టులో సెక్-23 ఒక్కటే, పోతే చావే. మనిషిలో ఏ, బీ అని రెండు. అందుకే ఒకటి దెబ్బతిన్నా మనిషి బతుకుతాడు గానీ ఎక్కడ రెండోది సరిపడా లేదో అక్కడ లోపం బయటపడుతుంది. సెక్-23బీ దెబ్బతింటే ఒక రకం వారసత్వ రక్తహీనత, సెక్-23ఏ దెబ్బతింటే పుర్రె ఎముకలు సరిగ్గా మూసుకోకపోవడం, సార్-1బీ పోతే పసిపిల్లల పేగు కొవ్వును రక్తంలోకి పంపలేకపోవడం. ఎముకల లోపానికి కారణం కొలాజెన్. దాని ముడిరూపం 300 నానోమీటర్ల గట్టి కడ్డీ. కాప్-2 వెసికిల్ 60 నుంచి 80 నానోమీటర్లు. గడ్డపారను జోలెసంచిలో పెట్టి పంపినట్టు. కణం పెద్ద తొడుగులు కడుతుందని షెక్‌మన్ వైపు వాళ్లు, టాంగో-1 అనే ప్రొటీన్ నోరు తెరిచి సొరంగం లాంటిది కడుతుందని వివేక్ మల్హోత్రా వైపు వాళ్లు. ఈ తగవు తేలలేదు.

నోబెల్ అందుకోవడానికి ఒక్క రోజు ముందు, 2013 డిసెంబరు 9న, నేచర్, సెల్, సైన్స్ పత్రికలకు తన ల్యాబ్ పేపర్లు పంపదని గార్డియన్‌లో రాసినదాని గురించి ఎక్కువ చెప్పను. మోజు పత్రికల మీద ఆయన ఫిర్యాదు న్యాయమైనదే. 1980, 1981, 1990, 1994 నాటి పేపర్లు సెల్‌లోనే వచ్చాయని గుర్తుచేయడమూ అన్యాయం కాదు. ఉద్యోగం వెతుక్కుంటున్న పోస్ట్‌డాక్‌కు ఆ బహిష్కరణ ఖరీదు వేరుగా ఉంటుంది.

మొదటగా దొరికిన సెక్-1 ఏం చేస్తుందన్నది మాత్రం చివరిదాకా మొండికేసింది. వెసికిల్ మీదా, త్వచం మీదా ఉండే స్నేర్ ప్రొటీన్లు జడలా పెనవేసుకుని రెండు పొరలనూ కలుపుతాయని 1993 నుంచి తెలుస్తూ వచ్చింది. అదే ఏడాది స్యూడాఫ్ ల్యాబ్ మెదడులో సెక్-1 చుట్టాన్ని పట్టుకుంది; అది స్నేర్‌ను మూసిపెట్టి కలవనీయకుండా చేస్తున్నట్టు కనపడింది. ఈస్టులో అది లేకపోతే కలయిక ఆగిపోతుంటే, మెదడులో అదే అడ్డం పడుతున్నట్టు ఉంది. 2015లో ఫ్రెడరిక్ హ్యూసన్ ల్యాబ్ అదే కుటుంబానికి చెందిన వీపీఎస్-33 స్ఫటికాలు తీస్తే, రెండు స్నేర్లను పక్కపక్కన సరైన వరసలో పట్టుకునే గాడి దాని మీద కనిపించింది. జడ అల్లేటప్పుడు పాయలు జారకుండా పట్టుకునే చెయ్యి. 1979లో కణం నిండా వెసికిళ్లు ఎందుకు పేరుకున్నాయో చెప్పే మొదటి నమ్మదగిన బొమ్మ అది, 36 ఏళ్ల తర్వాత.